బరువు బల్ల మీద ఇరవై ఇద్దరు

ఎంట్రీ 1: బయల్దేరే ముందు

లంకల చెట్ల శాఖవారికి, చెట్లు తీసే కాంట్రాక్టర్ దంగేటి ఈశ్వరి రాసే ఈరోజు లాగ్. పోయిన నెల లాగ్‌లో అనవసర వివరాలు ఎక్కువయ్యాయని మీరిచ్చిన మాట్లాడే పలక నన్ను ఊరికే సతాయించింది. ఏది అనవసరమో చెట్టు కిందకి దిగేదాకా తెలియదు కాబట్టి ఈసారి కూడా అన్నీ రాస్తాను. చదవడానికి మీకు జీతాలిస్తున్నారు.

ఈరోజు పని ఒక్కటే. కాలువ ఒడ్డున గోవిందు, కుసుమల ఇంట్లో వంటసాల వెనక ఉన్న తేలుచెట్టు తియ్యాలి. వరదొస్తే చెట్లతోపాటు ఇల్లు కూడా పైకి తేలాలని వాళ్ళ తాతగారు నాలుగు మూలలా నాటిన నాలుగింట్లో ఇది పెద్దది. ముదిరిపోయింది. కణుపు కణుపుకీ తేలికగాలి నిండి, వరద లేకపోయినా పైకి పోదామని చూస్తోంది. దాని వేరొకటి కుసుమ పూతరేకుల పొయ్యి కిందనుంచి పోయింది. పొయ్యి బెత్తెడు పైకి లేచిందని నిన్న ఫోన్ చేసింది.

రాత్రికి తుఫాను గాలి అంటున్నారు. ఆ గాలికి చెట్టు దానంతటది పెళ్లగించుకుని పోతే, పొయ్యినీ వంటసాలనీ కూడా వెంటబెట్టుకునే పోతుంది. ఆ ఇల్లు బతికేది ఆ పొయ్యి మీద. "పొయ్యి పోతే నేనేం చేసుకుని బతకాలండి ఈశ్వరిగారూ" అంది కుసుమ. ఆ గొంతు విన్నాక మిగతా పనులన్నీ వాయిదా వేశాను.

ఎంట్రీ 2: పడవలో

అబ్బులు ఎక్కుతాడు, నేను కోస్తాను. ఎన్నో ఏళ్ళుగా ఇదే మా పద్ధతి. అబ్బులు సన్నగా ఉంటాడు కాబట్టే తేలుచెట్టు ఎక్కగలడు. సన్నగా ఉంటాడు కాబట్టే పెళ్ళి కాలేదు. బరువున్న మనిషికే మర్యాద అయిన ఈ లంకల్లో, గాలికి పోయేవాడికి పిల్లనెవరిస్తారు? పోయిన వారం పెళ్ళిచూపులకి జేబుల నిండా ఇనప మేకులు పోసుకుని వెళ్ళాడట. కూర్చోగానే జేబు చిరిగిందట.

"పిల్ల ఏమంది?" అన్నాను.

"నవ్విందండి."

"మరింకేం."

"ఆళ్ళ నాన్న నవ్వలేదండి. వంగుని మేకులేరి, అన్నీ లెక్కెట్టి నా చేతికిచ్చాడండి, ఆయ్."

కాలువ మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉన్నాను. వాడు తెడ్డు వేస్తూ ఏమీ ఎరగనట్టు మొహం పెట్టాడు. ఈ ఉద్యోగంలో నాకు దొరికిన అదృష్టాల్లో అబ్బులు ఒకడు.

కొత్తగా శాఖలో చేరినవాళ్ళ కోసం ఒక ముక్క. వేరుతో ఉన్నంతసేపు తేలుచెట్టుకి ఎన్ని కన్నాలు పెట్టినా చిటికెలో పూడిపోయి మళ్ళీ గాలి నిండుతుంది. అందుకని ముందు నేను చెట్టు మొదలు దగ్గర వేళ్ళన్నీ కొయ్యాలి, ఆ తర్వాత అబ్బులు బరమా తిప్పుతూ పైకణుపు నుంచి ఒక్కొక్కదానికే కన్నం పెట్టుకుంటూ గాలి వదలాలి. ఈ రెంటికీ మధ్య చెట్టు ఎగిరిపోకుండా ఆపేది బరువు. ఇసుక ముట్టుకుంటే జైలు. రాయి ఈ లంకల్లో పుట్టదు. మిగిలింది చుట్టాలు.

ఎంట్రీ 3: బరువులు రాసుకోవడం

ముంగిట్లో అప్పటికే పెళ్ళివారిలా దిగిపోయారు జనం. బొట్టు పెట్టి పిలిస్తేనే చెట్టుకోతకి వస్తారు, వస్తే ఇంటిల్లిపాదీ వస్తారు. అబ్బులు చెట్టు చుట్టూ వెదురు బల్లలు కట్టి, వాటిని మోకులతో పైకొమ్మలకి బిగించాడు. ముందు వైపుది బరువు బల్ల. వెనక చిన్నది పిల్లబల్ల, అక్కడ పిల్లల్నీ బక్కవాళ్ళనీ కూర్చోబెడతారు. పిల్లబల్ల మీద కూర్చోమంటే కోర్టుకెళ్ళిన పెద్దమనుషులున్నారు.

చుట్టాన్ని కాటా ఎక్కించకూడదు. అంతకంటే మొహం మీద తలుపు వేసినా నయం. ఎవరి బరువు వాళ్ళు చెబుతారు, కాంట్రాక్టరు రాసుకుంటుంది.

"నూట ముప్పై రాసుకోమ్మా" అన్నాడు కుసుమ మేనమావ పేరయ్య. "మొన్న జొరం తగిలింది గానీ, లేకపోతే నూట నలభై."

ఆయన చొక్కాలో ఇంకొకాయన ఖాళీగా పడతాడు. రాసుకున్నాను.

"నాకు తొంభయ్యండి" అంది ఒకావిడ. "మా చంటోడితో కలిపి నూట ఇరవై."

"చంటివాడికి ముప్పై కిలోలా?"

"ఇప్పుడే పాలు తాగాడండి."

అదీ రాసుకున్నాను. ఎవరి మాటా కాదనను. చివర్లో మొత్తం మీద నాలుగో వంతు కొట్టేస్తాను. దీన్ని మేం కాంట్రాక్టర్లం గొప్పల కోత అంటాం. మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను, ఇంతవరకూ తప్పలేదు. కోత పోను కూడా చెట్టు పైకి లాగే బలానికి మించి వంద కిలోలు మిగిలింది. హాయిగా భోజనానికి లేచాను. నాది కూడా ఎవరైనా అడిగితే తొంభై. మీరు అడగలేదు.

ఎంట్రీ 4: బరువు భోజనం

ముద్దపప్పు, పనసపొట్టు కూర, కందబచ్చలి, పులిహోర, గారెలు, పాయసం. వద్దన్నవాళ్ళ విస్తట్లో రెండు గరిటెలు ఎక్కువ పడ్డాయి. బల్ల ఎక్కేముందు ఇలా పెట్టడం మర్యాదా, అవసరం కూడా. పేరయ్యగారు పదో గారె దగ్గర బెల్టు వదులు చేసుకుని, "ఇది చెట్టు కోసం తింటన్నాను" అన్నాడు.

చివర్లో కుసుమ పూతరేకులు తెచ్చింది. అందరూ బరువు గురించి కొట్టుకునే చోట ఈవిడ అమ్మేది ఉఫ్‌మంటే ఎగిరిపోయే రేకులు. నాకిచ్చిన రేకు మధ్యలో చిరిగి ఉంది. నేను చూడనట్టే నోట్లో వేసుకున్నాను గానీ, ఆవిడ చూసింది.

"మిక్సీలో పట్టిన పిండండి. సగం రేకులు చిరిగిపోతన్నాయి."

బరువు బల్లలో ముందు చోటుకి నేను ఎవరి పేరూ రాసుకోలేదని అప్పుడే గమనించాను. అది ఆడపడుచు చోటు. గోవిందు అక్క మాణిక్యానిది. మాణిక్యం అంటే ఈ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ఆవిడొక్కతే కూర్చుంటే చిన్న చెట్టు కదలక మెదలక ఉండేది. ఈ లంకలో ఉన్నవి రెండే ఇళ్ళు, కాలువకి ఇవతల ఇది, అవతల ఆవిడది.

"ఆడపడుచుని పిలవలేదా?" అన్నాను.

"ఆవిడ రాదండి. ఆరేళ్ళయింది కాలువ దాటి."

"బొట్టు పెట్టి పిలిచారా అని అడుగుతున్నాను."

కుసుమ పళ్ళెం కింద పెట్టింది. "మా అత్తగారు చనిపోయిన నెల్లాళ్ళకి మా వదిన రుబ్బురోలు పట్టుకెళ్ళిపోయిందండి, మా అమ్మదీ అని. ఆ రోట్లో రుబ్బితేనే రేకు చిరక్కుండా వచ్చేది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత అవతల మూల చెట్టు కోతకి వత్తే, చెయ్యట్టుకు తీసుకెళ్ళి పిల్లబల్ల మీద కూచోబెట్టాను."

నా చేతిలో గారె చేతిలోనే ఉండిపోయింది. మాణిక్యాన్ని పిల్లబల్ల మీద. ఆడపడుచు చోటు ఎందుకు దండగని పేరయ్యగారు వెళ్ళి అందులో కూర్చున్నాడు.

ఎంట్రీ 5: కోత

ఇది గాల్లోంచి రాస్తున్నాను. కొబ్బరిచెట్టు మొవ్వు నా కాళ్ళ కింద ఉంది.

జరిగింది వరసగా చెబుతాను. ఇరవై ఇద్దరూ బల్లలెక్కారు. నేను ఈల వేసేదాకా ఎవరూ దిగకూడదని ఒట్టు వేయించాను. అబ్బులు బరమాతో పైకి పోయాడు. నేను మోటారు రంపంతో మొదలు దగ్గర వేళ్ళు కోశాను, పొయ్యి కింద వేరు ఒక్కటే మిగిలింది. అప్పుడు బల్ల జానెడు లేచింది. పేరయ్యగారు "సర్దుకుంటాదిలే" అన్నాడు. తర్వాత మూరెడు లేచింది. నేను రంపం పారేసి బల్ల పట్టుకున్నాను. నా తొంభై కిలోలు దాన్ని ఏమీ చెయ్యలేకపోయాయి.

చెట్టు ఒక్క ఊపున పైకి పోయింది. పైన అబ్బులు చేతిలో బరమా జారి పెరట్లో పడింది. బల్ల ఎక్కకుండా కింద మోకులు చూసుకుంటున్న గోవిందు పరిగెత్తుకొచ్చి వేలాడుతున్న మోకు పట్టుకున్నాడు. ఆయన తనది వంద కిలోలని చెప్పాడు. ఆ వంద కిలోలూ కాళ్ళు కొట్టుకుంటూ నేల వదిలేశాయి. కోయకుండా మిగిలిన ఆ వేరు ఒక్కటే నేలలోంచి బారుగా ఊడొచ్చి, ఇప్పుడు గాలిపటానికి దారంలా మమ్మల్ని పట్టుకుని ఉంది.

మొదట అందరూ అరిచారు. అరవడం అయ్యాక చూస్తే ఎవరికీ ఏమీ కాలేదు. గోదావరి రెండు పాయలూ ఒక్కసారే కనిపిస్తున్నాయి. అవతల సముద్రం తెల్లగా మెరుస్తోంది. పిల్లబల్ల మీదివాళ్ళు కాళ్ళూపడం మొదలెట్టారు.

"నిజం చెప్పండి" అన్నాను. "ఎవరెవరు ఎంత పెంచారు?"

చంటివాడి తల్లే ముందు బయటపడింది. "మీరు నాలుగో వంతు కొట్టేస్తారు కదండి. ఆ సంగతి అందరికీ తెలుసు."

"అయితే?"

"ఆ నాలుగో వంతూ ముందే కలిపేసి, దాని మీద మా గొప్ప మేం చెప్పుకున్నామండి."

"అందరూనా?"

అందరూ తలలూపారు. పేరయ్యగారు ఆకాశంవైపు చూస్తూ, "నాది డెబ్బై ఉంటదేమో" అన్నాడు. పక్కాయన కిసుక్కుమన్నాడు. తర్వాత ఆ పక్కావిడ. తర్వాత బల్ల బల్లంతా నవ్వు. ఆ నవ్వుకి మేమెక్కిన చెట్టు ఊగింది, ఊగినందుకు ఇంకా నవ్వారు. పొట్ట నిండా గారెలు పెట్టుకుని ఊగుతూ నవ్వడం అంత తేలిక కాదు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. కాంట్రాక్టరుగా నేను నవ్వకూడదు. నవ్వాను.

కుసుమ మాత్రం నవ్వలేదు. కిందకి చూస్తోంది. నేనూ చూశాను. గాలి వచ్చినప్పుడల్లా వేరు బిగుసుకుని వంటసాల గచ్చు లేస్తోంది. పొయ్యి మీద బోర్లించిన రేకుల కుండ దొర్లి, గచ్చు మీద పడి పగిలింది. కొత్త కుండ మీద రేకు నున్నగా దిగాలంటే దాన్ని కొన్నేళ్ళు వాడాలి.

"నా పొయ్యి" అంది కుసుమ, నెమ్మదిగా. నా నవ్వు అక్కడితో ఆగిపోయింది.

ఎంట్రీ 6: ఇంకా గాల్లోనే

తక్కువైంది నూట యాభై కిలోల దాకా ఉంటుంది. కింద ఎవరూ లేరు. వేరు కోసేస్తే పొయ్యి దక్కుతుంది, మేం సముద్రం మీదికి పోతాం. కోయకపోతే పొయ్యి మా వెంట వస్తుంది. గాలి పెరుగుతోంది. శాఖవారి అత్యవసర నంబరుకి చేస్తే మీ పలక నన్ను క్యూలో ఉండమంది. ఇప్పటికీ క్యూలోనే ఉన్నాను, ఆ సంగీతం బాగానే ఉంది.

అప్పుడు పైనుంచి అబ్బులు అన్నాడు, "కాలువ అవతల మనిషున్నారండి."

మాణిక్యం పెరట్లో ఎవరో నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. సన్నటి మనిషి. చీర ఒంటికి రెండు చుట్లు ఎక్కువే తిరిగింది.

కుసుమ చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "మా వదినలా ఉంది" అంది. మళ్ళీ చూసింది. "మా వదినే."

కింద మోకు చివర వేలాడుతున్న గోవిందుకి ఏమీ కనబడడం లేదు. "అక్కా? ఏం చేత్తంది?" అని అరిచాడు.

"చూస్తోంది" అన్నాను.

కుసుమ లేచి నిలబడబోయింది. నేను పమిట పట్టుకుని కూర్చోబెట్టాను. కూర్చునే పిలిచింది.

"వదినా. బొట్టు పెట్టి పిలుద్దామంటే కిందకి రాలేను. ఇక్కణ్ణించే పిలుత్తన్నాను. వచ్చి తాడు పట్టుకో."

మాణిక్యం రేవు అంచు దాకా నడిచొచ్చింది.

"నన్ను చూసే పిలుత్తన్నావా?"

"చూసే."

"సరిగ్గా చూడు. కడుపు ఆపరేషనయ్యాక ఇలా అయిపోయాను. నలభై ఐదు కూడా లేను. నేను అలిగానని అనుకున్నారు మీరంతా. మొదట్లో అలిగిన మాట నిజమే. తర్వాత సిగ్గేసి మానేశాను. ఇలా వత్తే నన్ను ఏ బల్ల మీద కూచోబెడతావే?"

ఇంతసేపూ బరువు గురించి నవ్విన నోళ్ళన్నీ మూతబడ్డాయి. అప్పుడు చెట్టు చివర్నుంచి అబ్బులు గట్టిగా చెప్పాడు.

"నేను నలభై ఎనిమిదండి, ఆయ్."

వాడు నిజం బరువు చెప్పడం నేను మొదటిసారి విన్నాను.

కుసుమ కళ్ళు తుడుచుకుంది. "ఆడపడుచు చోటు ఆడపడుచుదే వదినా. నలభై ఐదుంటే ఏంటి, నాలుగుంటే ఏంటి. పేరయ్య మావ ఎక్కి కూచున్నాడు, లేపేత్తాను."

"ఇప్పుడా?" అన్నాడు పేరయ్యగారు, కింద కొబ్బరిమొవ్వుల వైపు చూస్తూ.

మాణిక్యం వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది. తలుపు పడింది.

"వెళ్ళిపోయింది" అంది కుసుమ.

ఎంట్రీ 7: రోలు

రాయడం ఆపి మళ్ళీ మొదలుపెడుతున్నాను, చేతులు ఖాళీ లేక.

ముందు చప్పుడొచ్చింది. గడగడమని, ఆగి, మళ్ళీ గడగడమని. మాణిక్యం ఇంటి పక్కనుంచి ఆవిడా, ఆవిడ భర్తా రుబ్బురోలుని దొర్లించుకుంటూ వస్తున్నారు. చెక్కలు పరిచి రేవులోకి దింపారు. పడవ అంచులదాకా మునిగింది. ఈ లంకలో ఉన్న ఒకే ఒక్క రాయి కాలువ దాటుతోంది, దాని మీద చెయ్యి వేసి పక్కన మాణిక్యం.

బల్ల మీద జనం వంగి చూడబోతే, కదిలితే చంపేస్తానన్నాను.

రోలుని పెరట్లోకి చేర్చి, గోవిందు వేలాడుతున్న మోకు చివర కట్టారు. గాలి తగ్గి చెట్టు కిందకి దిగినప్పుడల్లా మోకు గుంజి బిగించారు. గోవిందు రెండు కాళ్ళూ రోటి మీద ఆనించి, "అక్కా" అన్నాడు. ఆవిడ, "ముందు కట్టు సరిగా పట్టుకోరా" అంది. ఆరేళ్ళ తర్వాత అక్కాతమ్ముళ్ళ మాటలు ఇవి.

మోకు బిగిసింది. రోలు నేలకి ఆనీ ఆనకుండా ఊగింది. చెట్టు పైకి పోవడం ఆపేసింది గానీ, కిందకి దిగడం లేదు. రోలు చాల్లేదు.

"ఇంకో నలభై కావాలి" అని కిందకి కేక వేశాను.

మాణిక్యం చీర కుచ్చిళ్ళు దోపుకుని, రోటి మీదకెక్కి కూర్చుంది. రెండు చేతులా మోకు పట్టుకుంది. రోలు నేలకి ఆనగానే గోవిందూ, మాణిక్యం భర్తా మోకుని గుంజి గుంజి రోటికి చుట్టారు. తర్వాత నా కాళ్ళ కింద కొబ్బరిమొవ్వు మెల్లగా పైకొచ్చింది, నా మోకాళ్ళ దాకా, నా భుజాల దాకా. కొబ్బరిచెట్టు పైకి రావడం లేదు. మేం దిగుతున్నాం.

మళ్ళీ నవ్వు మొదలైంది. ఈసారి కుసుమ మొదలుపెట్టింది, ఏడుస్తూ.

ఎంట్రీ 8: దిగాక

బల్లలు నేలకి తగిలాయి. ఎవరూ లేవలేదు, ఒట్టు గుర్తుంది. పేరయ్యగారొక్కడు లేచి, వెనక్కి నడిచి పిల్లబల్ల మీద పిల్లల మధ్య కూర్చున్నాడు. ఎవరూ చెప్పలేదు. కుసుమ తన నుదుటి కుంకుమ వేలితో తీసి మాణిక్యం నుదుట పెట్టి, ఆవిడని ముందు చోట్లో కూర్చోబెట్టింది.

గోవిందు నా చోట్లో కూర్చున్నాక, పొయ్యి కింద వేరు నా చేత్తో కోశాను. మాణిక్యం భర్త బరమా అందించాడు. అబ్బులు పైకణుపు నుంచి మొదలుపెట్టాడు. ఒక్కో కణుపూ బుస్సుమంటుంటే చంటివాడు కేరింతలు కొట్టాడు. చివరి కణుపు దగ్గర చెట్టు నిట్టూర్చి పక్కకి ఒరిగింది. వంటసాలలోకి వెళ్ళి చూశాను. లేచిన గచ్చు కిందకి దిగింది. పొయ్యికి ఒక పక్క బీటపడింది, మట్టి మెత్తితే సరిపోతుంది. ఈల వేశాను.

గోవిందు రోటి ముడి విప్పుతుంటే అడిగాను, దీన్ని మళ్ళీ అవతలకి ఎప్పుడు పట్టుకెళ్తారని.

"ఎవరు మోత్తారండి" అంది మాణిక్యం. "పొయ్యి పక్కనే ఉండనీండి. నేనే వచ్చి రుబ్బుతాను. దీనికి రుబ్బడం ఎప్పుడు వచ్చింది గనక."

"చూశారా ఎలా అంటందో" అంది కుసుమ నాతో, మొహం అంతా వెలిగిపోతూ.

ఎంట్రీ 9: లెక్క మూసేముందు

చెట్టు దిగింది. మనుషులకి దెబ్బల్లేవు. ఒక కుండ పోయింది. గొప్పల కోత ఇకమీదట నాలుగో వంతు కాదు, సగం. తోటి కాంట్రాక్టర్లకి కూడా చెబుతాను, చుట్టాలకి మాత్రం తెలియనివ్వకండి. మీ అత్యవసర నంబరు ఇందాకే పలికింది. అంతా అయిపోయిందని చెప్పి పెట్టేశాను.

ఇక మిగిలింది ఆలస్యంగా వచ్చి చేరినవాళ్ళ బరువు. పలక అడుగుతోంది, నింపకపోతే లాగ్ మూసుకోదు. చుట్టాన్ని కాటా ఎక్కించకూడదు, అడగాలి. అడిగాను. మాణిక్యం తలొంచుకుని చీర అంచు సర్దుకుంది.

"నలభై..." అని ఆగింది.

"రెండొందలు రాసుకోండి ఈశ్వరిగారూ" అంది కుసుమ, పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరక్కుండానే.

బల్లల మీద ఇంకా కూర్చుని ఉన్న చుట్టాలందరూ నా చేతి వైపు చూశారు. కింద రాస్తున్నాను.

మాణిక్యం, ఇంటి ఆడపడుచు, ముందు చోటు. రెండు వందల కిలోలు. కోత లేదు.